చార్ట్ అమ్మది, మార్కులు పిల్లాడివి

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మా వీధి చివర స్టేషనరీ షాపు దగ్గర కాసేపు నిలబడితే మన ప్రాథమిక చదువు గురించి చాలా తెలుస్తుంది. షట్టర్ సగం దించేసిన షాపతన్ని ఎవరో ఒక తల్లి బతిమాలుతూ ఉంటుంది. “అన్నా, సౌర కుటుంబం చార్ట్ ఒక్కటుంటే చూడన్నా, రేపే ఇవ్వాలంట.” సౌర కుటుంబం అయిపోయింది, జీర్ణవ్యవస్థ ఉంది. పక్కన నెట్ సెంటర్‌లో కలర్ ప్రింట్లు, ఇక్కడ ఒక థర్మాకోల్ షీటు, రెండు స్కెచ్ పెన్నులు, ఒక గ్లిట్టర్ ప్యాకెట్. పిల్లాడు బండి ట్యాంకు మీద తల వాల్చి అప్పటికే నిద్రపోతుంటాడు. సోమవారం పొద్దున ఆ చార్ట్ చుట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి, ఆటోలో ఎవరి మోకాలూ తగలకుండా కాపాడుకుంటూ బడికి తెస్తాడు. ప్రాజెక్టు పని అయిపోయినట్టే.

నేను అయిదో తరగతికి పాఠాలు చెబుతాను. అలాంటి చార్టులు ఏటా నా బల్ల మీద గుట్టగా పేరుకుంటాయి. వాటికి మార్కులు కూడా వేశాను, దాచడం ఎందుకు. ఒకసారి శని గ్రహం చుట్టూ వెండి గ్లిట్టర్‌తో బ్రహ్మాండంగా వలయాలు వేసుకొచ్చినవాణ్ణి “ఈ వలయాలు ఏమిట్రా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి “మా అక్క వేసింది టీచర్” అన్నాడు. నిజాయితీకి పదికి పది.

ఆ పిల్లాణ్ణి గానీ, రాత్రిపూట షాపుల వెంట తిరిగిన తల్లిని గానీ తప్పుపట్టి లాభం లేదు. చేస్తూ నేర్చుకోవాలి అని అందరం అంటాం. ట్రైనింగుల్లో దాన్ని కృత్యాధార బోధన అంటారు, ప్రభుత్వ పత్రాల్లో అనుభవపూర్వక అభ్యసనం అని రాస్తారు, ప్రైవేటు బడుల కరపత్రాల మీద ‘యాక్టివిటీ బేస్డ్’ అని మెరిసే అక్షరాల్లో వేస్తారు. ఈ పేర్ల కింద కనీసం మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది బొమ్మ చేయడం. సౌర కుటుంబం, బంకమట్టి అగ్నిపర్వతం లాంటివి. జవాబు ముందే తెలుసు, చేతికి పని, కంటికి సంబరం. రెండోది పాఠం మధ్యలో వచ్చే చిన్న కృత్యం. కాగితం మడిచి సగం, పావు చూడడం, శనగలు నానబెట్టి మొలక కోసం ఎదురుచూడడం. ఒక్క భావన కోసం చేసే చిన్న పని. మూడోదే అసలు ప్రాజెక్టు. ఒక ప్రశ్న పట్టుకుని నాలుగైదు రోజులు దాని వెంటపడాలి. ఏం తేలుతుందో పిల్లలకు తెలియదు, ఒక్కోసారి టీచరుకూ తెలియదు. మూడింటికీ బడిలో చోటుంది. కాకపోతే మొదటిది చేయించి, మూడోది చేయించామని రికార్డులో రాసుకుంటున్నాం.

పది మార్కులు చేసిన పని

ప్రాజెక్టు అనే మాట బడిలోకి నిన్న మొన్న రాలేదు. అమెరికాలో జాన్ డ్యూయీ 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగ పాఠశాల పెట్టి పిల్లలతో వంట, వడ్రంగం, నేత చేయించాడు. వాటిలోంచే లెక్కలు, చరిత్ర, సైన్సు రప్పించాడు. ఆయన దగ్గర చదువుకున్న విలియం కిల్‌పాట్రిక్ 1918లో రాసిన వ్యాసంతో ‘ప్రాజెక్టు పద్ధతి’ అనే పేరు స్థిరపడింది. మన దేశంలో గాంధీజీ 1937 అక్టోబరులో వార్ధాలో విద్యావేత్తల్ని కూర్చోబెట్టి, చేతివృత్తి చుట్టూ చదువంతా తిరగాలన్నారు. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి ఒక రూపం ఇచ్చింది. తకిలీ (నూలు వడికే చేతి కదురు) తిప్పే పిల్లవాడు ఎంత దూదికి ఎంత నూలొచ్చిందో తూచుకుంటే అది లెక్కల పాఠం, ఆ దూది ఏ నేలలో పండిందో అడిగితే అది భూగోళం.

చట్టం కూడా ఈ వైపే ఉంది. 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు కృత్యాల ద్వారా, వెతికి కనుక్కోవడం ద్వారా నేర్చుకోవాలంటుంది. 2020 జాతీయ విద్యా విధానం 3, 4, 5 తరగతుల్ని ఒక విడి దశగా చూసి, ఆటపాటల నుంచి పద్ధతైన చదువులోకి పిల్లలు ఇక్కడే మళ్లాలంటుంది. 6 నుంచి 8 తరగతుల మధ్య 10 రోజులు బ్యాగు లేకుండా ఊళ్లో పనివాళ్ల దగ్గర నేర్చుకోమంటుంది. కాగితం మీద ఇంతకంటే ఎవరేం రాయగలరు?

మరి చార్ట్ ఎలా దూరింది? మార్కుల సందులోంచి. ఉమ్మడి రాష్ట్రం చివరి ఏళ్లలో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు 50 మార్కుల ఎఫ్‌ఏలో, అంటే ఏడాది మధ్యమధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో, 20 స్లిప్ టెస్ట్‌కు ఉంచి, మిగతా 30 పిల్లల భాగస్వామ్యానికి, రాతపనికి, ప్రాజెక్టు పనికి తలా 10 చొప్పున పంచారు. బట్టీ పట్టినవాడికే మార్కులు రాకూడదన్న మంచి ఆలోచన అది. కానీ మార్కు వేశామంటే రుజువు కావాలి. తనిఖీకి ఎవరైనా వస్తే చూపించాలి. పిల్లలు మూడు రోజులు వాదించుకున్నారని ఎలా చూపిస్తాం? చార్టునైతే గోడకు తగిలించవచ్చు. రుజువుగా పనికొచ్చే వస్తువే చివరికి ప్రాజెక్టు అయి కూర్చుంది. తర్వాత మూల్యాంకనం పేర్లు మారాయి, రెండు రాష్ట్రాల్లో పద్ధతులూ మారాయి. స్టేషనరీ షాపు గిరాకీ మాత్రం తగ్గలేదు.

ఇది మన దగ్గర మొదటిసారేమీ కాదు. 1980ల్లో బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. పాత టీచర్లు దాన్ని ‘ఏపీపెప్’ అనేవారు. అందులో ఆరు సూత్రాలుండేవి: పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి, గుంపుల్లో పనిచేయాలి, పరిసరాల్ని వాడుకోవాలి, పిల్లల పనిని గదిలో ప్రదర్శించాలి, ఇలా. వీటిలో గదిలోకి తేలిగ్గా వచ్చేవి రెండే, గుంపులుగా కూర్చోబెట్టడం, గోడకు తగిలించడం. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, చేసేది మాత్రం ఎవరికి వారు బోర్డు మీది జవాబు ఎక్కించుకోవడం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిందీ అదే. గుండ్రంగా కూర్చుంటే సగంమందికి బోర్డు వీపు వెనక పడుతుంది, మెడనొప్పి ఒక్కటే అదనపు ఫలితం.

నల్లా కింద గ్లాసు

అసలు ప్రాజెక్టు ఎలా ఉంటుందో మా బడి నల్లా కథ చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు ప్లేట్లు కడుక్కునే చోట మూడు నల్లాలుంటే ఒకటి ఎప్పుడూ కారేది. ఎంత బిగించినా ఆగేది కాదు. ఒక రోజు ఈవీఎస్‌లో (పరిసరాల విజ్ఞానంలో) నీటి పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్ల లేచి “టీచర్, మన నల్లా నీళ్లు ఊకెనే పోతున్నయ్ గదా, రోజుకు ఎన్ని పోతయ్?” అంది. నాకు తెలియదు. పుస్తకం వెనక జవాబు కూడా లేదు.

ముందు అందరినీ నోటుబుక్కులో ఒక అంచనా రాయమన్నాను. ఒకడు “రెండు గ్లాసులు” అని రాశాడు, ఇంకొకడు “ట్యాంకు మొత్తం”. ఈ అంచనా రాయించడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, తర్వాత వచ్చే జవాబు మీద పిల్లలకు పట్టుదల పుట్టేది ఇక్కడే. పందెం కాశాక ఆట చూసినట్టు.

భోజనం స్టీలు గ్లాసు ఒకటి నల్లా కింద పెట్టారు. మూడు జట్లు వేర్వేరు సమయాల్లో గడియారం చూసి రాసుకున్నాయి. ఒక జట్టుకు 7 నిమిషాల్లో గ్లాసు నిండింది, ఒక జట్టుకు 8, మూడో జట్టుకు 11. గొడవ మొదలైంది. మీరు గడియారం సరిగ్గా చూడలేదని వీళ్లు, మీ గ్లాసు అడుగున ముందే నీళ్లున్నాయని వాళ్లు. మళ్లీ కొలవమన్నాను. ఈసారి గ్లాసు బోర్లించి తుడిచారు, ముల్లు పన్నెండు దాటగానే పెట్టారు. ఏడు వచ్చినవాళ్లకు ఎనిమిదే వచ్చింది. పదకొండు వచ్చిన జట్టుది తప్పేమీ కాదని తేలింది. వాళ్లు కొలిచింది భోజనం గంటలో, పక్క నల్లాలు రెండూ తిప్పి ఉన్నప్పుడు. పక్కవి తిప్పితే దీని ధార సన్నబడుతుందని నేను చెప్పలేదు, వాళ్లే తిప్పి చూసుకున్నారు.

తర్వాతది గ్లాసు సంగతి. అందులో ఎన్ని నీళ్లు పడతాయి? లీటరు సీసాతో కొలిస్తే నాలుగు గ్లాసులు నిండి ఇంకా కొంచెం మిగిలింది. నాలుగున్నర అన్నారు. అయిదో తరగతి పిల్లలు 1000ని నాలుగున్నరతో భాగించాలంటే కష్టం. నేను సాయం చేద్దామని సుద్దముక్క అందుకునేలోపే ఒకడు “రెండు లీటర్లకు తొమ్మిది గ్లాసులు టీచర్, సగం పోతది” అన్నాడు. వాడు లెక్కల్లో ముందుండే పిల్లవాడు కాదు. వాళ్లమ్మ పాలు పోస్తుంది, అర్ధలీటరు, పావులీటరు కొలతలు వాడి చేతిలో ఉన్నాయి.

ఇక రోజుకు ఎన్ని గ్లాసులు? ఇక్కడ సగం తరగతి 300 అంది, సగం 180 అంది. 300 ఎక్కడిదంటే, గంటకు 100 నిమిషాలు వేసుకున్నారు. 24 ఇంటూ 100, భాగారం 8. గంటకు 60 నిమిషాలని నోటితో అడిగితే వాళ్లందరూ చెబుతారు. చేతికి లెక్క వచ్చేసరికి వంద అయిపోయింది. స్లిప్ టెస్ట్‌లో ఈ తప్పు నాకు ఎప్పుడూ కనపడలేదు, ఎందుకంటే అక్కడ “గంటకు ఎన్ని నిమిషాలు?” అనే అడుగుతాం. 60 ఇంటూ 24 అంటే 1,440 నిమిషాలు, ఎనిమిదితో భాగిస్తే 180 గ్లాసులు. తొమ్మిది గ్లాసులకు రెండు లీటర్లు కాబట్టి 40 లీటర్లు. బడి బకెట్ 20 లీటర్లది. రోజుకు రెండు బకెట్లు. నెలకు 1,200 లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ములు ఆరు. డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి తరగతి నిశ్శబ్దమైంది, ఎండాకాలంలో ఒక్క డ్రమ్ము కోసం ట్యాంకర్ దగ్గర జరిగే కొట్లాట వాళ్లు చూసినదే.

అప్పుడు ఆ వెనక బెంచీ పిల్లే మళ్లీ లేచింది. “ట్యాంకు నిండుగ ఉన్నప్పుడు, ఒడిసిపోయేటప్పుడు ఒక్కతీరే కారుతదా టీచర్?” కారదు. పైన నీటి మట్టం ఎక్కువుంటే ఒత్తిడి ఎక్కువ. హైస్కూల్లో వచ్చే పాఠం అది, తొమ్మిదేళ్ల పిల్ల దానికి కావలసిన ప్రశ్న ముందే అడిగేసింది. మా 40 లీటర్ల పక్కన అప్పుడు ‘సుమారు’ అనే మాట చేరింది.

మొత్తం నాలుగు పీరియడ్లు పట్టింది. కాలమానం, గుణకారం, భాగహారం, ఘనపరిమాణం, ఈవీఎస్‌లో నీళ్లు, ఆఖర్న తెలుగులో లేఖా రచన. నల్లా బాగు చేయించమని హెచ్ఎం గారికి వినతిపత్రం రాశారు. విడివిడిగా చెబితే ఇదంతా ఎనిమిది పీరియడ్లకు తక్కువ కాదు. సిలబస్ అయిపోదేమో అని టెన్షన్ పడే వాళ్లకు ఈ లెక్క చెబుతుంటాను. అయితే ప్రతి పాఠమూ ఇలా చెప్పగలనని అనను. టర్ముకు ఇలాంటిది ఒకటి బాగా చేయిస్తే గొప్ప. తక్కినదంతా చిన్న కృత్యాలు, మామూలు పాఠాలు, ఎక్కాలు.

చేతి నుంచి గుర్తుకు

చేత్తో ముట్టుకుంటే చాలు, అర్థమైపోతుంది అనుకోవడం ఇంకో పొరపాటు. జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వవేత్త 1960ల్లో పిల్లలు ఒక విషయాన్ని మూడు రూపాల్లో పట్టుకుంటారన్నాడు. చేతితో చేసి, బొమ్మగా చూసి, గుర్తుగా రాసి. మూడూ ఒకదానికొకటి అతుక్కోవాలి. వస్తువు దగ్గరే ఆగిపోతే అది ఆట, వస్తువు లేకుండా గుర్తుతో మొదలుపెడితే అది బట్టీ.

మన భాషలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. పావుకిలో టమాటాలు కొనుక్కొచ్చే పిల్లకు పావు కంటే అర పెద్దదని ఎవరూ చెప్పక్కర్లేదు. అదే బోర్డు మీద 1/4, 1/2 రాసి ఏది పెద్దదంటే నాలుగు ఉన్నదే పెద్దదంటుంది. పావు అనే మాటలో నాలుగు వినపడదు. బోర్డు మీద నాలుగు కనపడుతుంది. ఆ పావూ ఈ 1/4 ఒకటేనని ఎవరో ఒకరు కలిపి చూపించాలి, దానంతటది కలవదు.

దానికోసం కాగితం పట్టీలు మడిపించాను. మూడు సమాన మడతలు వేయడం చాలా కష్టం, పెద్దవాళ్లు ఒకసారి ప్రయత్నించి చూడండి. అంతా అయ్యాక 1/3 పెద్దదా, 1/4 పెద్దదా అంటే ఒకడు 1/4 అని గట్టిగా నిలబడ్డాడు. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. నిజమే, వాడి నాలుగో వంతే పొడవుగా ఉంది. తర్వాత తెలిసింది, ఒక పట్టీ లాంగ్ నోటుబుక్ లోంచి చింపాడు, ఇంకొకటి చిన్న నోటుబుక్ లోంచి. వాడు కళ్ల ముందున్నదే చెబుతున్నాడు, చేతిలో రుజువూ ఉంది. మొత్తం ఒకటే అయితేనే వంతుల్ని పోల్చగలం అన్న సంగతి పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంటుంది, ఎవరూ ఆగి చదవరు. ఆ రోజు దాని మీదే పీరియడ్ గడిచింది. నేను అన్ని పట్టీలు సమానంగా కత్తిరించి ఇచ్చి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. ఆ పాఠమూ జరిగేది కాదు.

డబ్బుతో దశాంశాలు చెప్పేటప్పుడు కూడా ఇలాంటి గుంట ఒకటుంది. 3.5 అంటే ఎంతరా అంటే మూడు రూపాయల అయిదు పైసలంటారు. డబ్బు బాగా తెలిసిన వస్తువే, కానీ ఇప్పటి పిల్లలు పైసలు చూడలేదు. మనకు తెలిసింది కదాని వాళ్లకూ తెలుసనుకుని ఎంచుకున్న వస్తువు వాళ్లను పక్కదారి పట్టిస్తుంది.

వద్దనేవాళ్ల మాటలోనూ నిజముంది

2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. దారి చూపకుండా పిల్లల్ని తమంతట తామే కనుక్కోమని వదిలేయడం పనిచేయదని వాళ్ల వాదన. కారణం సూటిగానే ఉంటుంది. మనసు ఒకేసారి పట్టుకోగలిగే విషయాలు కొన్నే. కొత్త పిల్లవాడికి ఏది ముఖ్యమో, ఏది పక్కన పెట్టాలో తెలియదు. సామాన్లు చూడాలి, జట్టువాళ్ల మాట వినాలి, లెక్క గుర్తుపెట్టుకోవాలి, అసలు ప్రశ్న మర్చిపోకూడదు. చివరికి మర్చిపోయేది ఆ అసలు ప్రశ్ననే. ఆ వ్యాసం మీద పెద్ద చర్చే నడిచింది. కానీ తరగతి గదిలో నిలబడ్డ ఏ టీచరుకైనా ఆ మాటలో నిజం తెలుసు. అయస్కాంతాలిచ్చి “కనుక్కోండి” అంటే నలభై నిమిషాల తర్వాత పిల్లలు కనుక్కునేది అవి దువ్వెనకు అంటుకోవని, కిటికీ చువ్వకు అంటుకుంటాయని, ఇంకో తరగతి వాళ్ల దగ్గర ఇంకా పెద్ద అయస్కాంతం ఉందని.

కాబట్టి ఏది చెప్పాలి, ఏది వాళ్లకు వదలాలి అన్నది టీచరు తేల్చుకోవాల్సిందే. పేర్లు, గుర్తులు, ఒప్పందాలు చెప్పేయాలి. లీటరుకు 1,000 మిల్లీలీటర్లని ఎవరూ ప్రయోగం చేసి కనుక్కోలేరు, అది మనుషులు పెట్టుకున్న కొలత. భాగహారం చేసే పద్ధతి చేసి చూపించాలి, పదిసార్లు చేయించాలి. నల్లా లెక్క సాగిందంటే పిల్లలకు భాగహారం అంతకుముందే చేతికొచ్చింది కాబట్టి సాగింది. ఎక్కాలు రానివాడికి ప్రాజెక్టు ఇస్తే జట్టులో గ్లాసు మోసే పని వాడిది అవుతుంది, ఆలోచించే పని ఇంకెవరిదో. ఈ మాట అంటే కొందరు ఆధునికులకు నచ్చదు. చేస్తూ నేర్చుకోవడానికీ అభ్యాసానికీ గొడవ ఉందని నేను అనుకోను. వంట నేర్చుకునేవాళ్లు కూడా ఉల్లిపాయలు తరిగీ తరిగీ చేయి తిప్పుకుంటారు.

పరీక్ష మారితేనే

మన దేశంలో ఈ పనిని అన్నిటికంటే గట్టిగా చేసి చూపింది మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా. ఇప్పుడు దాని పేరు నర్మదాపురం. 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 8 తరగతులకు సైన్సును ప్రయోగాలతో చెప్పడం మొదలుపెట్టాయి. 1978కి జిల్లాలోని మాధ్యమిక బడులన్నిటికీ అది చేరింది. 1982లో ఏకలవ్య సంస్థ పుట్టి ఆ పని అందుకుంది. ప్రతి బడికీ చవకైన సామాన్ల కిట్. పిల్లలు జట్లుగా ప్రయోగం చేసి, వచ్చింది రాసి, దాని మీద తరగతిలో చర్చించాలి. సందేహాలుంటే ‘సవాలీరాం’ అనే కల్పిత పెద్దమనిషికి ఉత్తరం రాయవచ్చు, జవాబు వచ్చేది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వాళ్ల పరీక్ష. పుస్తకం తెరిచి రాసుకోవచ్చు, ప్రయోగం చేసి చూపే పరీక్ష వేరుగా ఉంటుంది. పుస్తకం ఎదురుగా ఉన్నప్పుడు అందులో ఉన్నదే అడిగితే అర్థం లేదు కదా, అందుకని ఆలోచించే ప్రశ్నలే అడగాల్సి వచ్చేది. పాఠం మార్చి పరీక్ష మార్చకపోతే పాఠం మళ్లీ పరీక్ష ఆకారంలోకి వచ్చేస్తుందని వాళ్లకు మొదటి నుంచీ తెలుసు. మనం చేసింది తిరగేసి: పరీక్షలో పది మార్కులు చేర్చి, పాఠం దానంతటదే మారుతుందనుకున్నాం. ముప్పై ఏళ్లు నడిచాక, 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది.

ఆ హోషంగాబాద్‌కే 1978లో టెల్కోలో (ఇప్పటి టాటా మోటార్స్‌లో) పనిచేస్తున్న ఒక ఇంజనీరు సెలవు పెట్టి వెళ్లాడు. పేరు అరవింద్ గుప్తా. చెత్తలోంచి బొమ్మలు చేయడంలో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు, 2018లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన మొదటి బొమ్మలు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్ ట్యూబ్ ముక్కలతో చేసినవి. సైకిల్ షాపులో వాల్ ట్యూబ్ అని అడిగితే ఇప్పటికీ ఇస్తారు. వేలి గోరంత ముక్కలు కోసి, అగ్గిపుల్ల మందు గీకేసి, రెండు వైపులా దూరిస్తే కీలు తయారు. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కితే కదలదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి మూల పట్టి నొక్కితే పక్కకు ఒరిగి వాలిపోతుంది. మూల నుంచి మూలకు సరిపోయేలా కాస్త పొడవైన అయిదో పుల్ల వేస్తే మళ్లీ నిలబడుతుంది. ఇది చేశాక పిల్లల్ని బయటికి తీసుకెళ్లి బడి గేటు చూపించాలి. గేటుకు ఏటవాలుగా ఒక పట్టీ వేసి ఉంటుంది. రోజూ దాని మీద కాలు పెట్టి ఊగుతారు, ఎందుకుందో ఎప్పుడూ అడగలేదు. కరెంటు టవరు, రేకుల షెడ్డు కప్పు, వంతెన అన్నీ ఆ రోజు త్రిభుజాలే. ఖర్చు ఇరవై రూపాయలు దాటదు.

ఒకే టీచరు మూడు తరగతులు చూసే బడుల్లో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అనే మాట తరచూ వినపడుతుంది. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మన దగ్గరే, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో ఉంది. అక్కడ చుట్టుపక్కల పల్లె బడుల కోసం పాఠాలన్నీ చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలాగా వరస పెట్టారు. పిల్లలు ఎవరి మెట్టు వాళ్లు చూసుకుని కార్డు తీసుకుంటారు, టీచరు అవసరమైన జట్టు దగ్గర కూర్చుంటుంది. కర్ణాటకలో ‘నలి కలి’, తమిళనాడులో కృత్యాధార పద్ధతి అక్కడి నుంచి అందిపుచ్చుకున్నవే. ఇరుగుపొరుగు రాష్ట్రాలు మన పెరట్లోంచి మొక్క తీసుకెళ్లి తోట వేసుకున్నాయి.

నా మటుకు నేను చేసిన మార్పు చిన్నది. చార్ట్ తేవద్దన్నాను. బదులు నోటుబుక్కులో ఒక పేజీ: ఏమనుకున్నాం, ఏం చేశాం, ఏమొచ్చింది, ఎక్కడ తప్పాం. పదిలో మూడు మార్కులు ఆ చివరిదానికి. మొదట్లో తప్పులేమీ జరగలేదని రాసేవారు, మార్కు పోతుందని భయం. తప్పు రాస్తేనే మార్కని తెలిశాక కొందరు లేని తప్పులు కూడా కల్పించారు, అది వేరే సంగతి. ఒకరిద్దరు తల్లిదండ్రులు వచ్చి “పక్క స్కూల్లో మోడల్స్ ఎంత బాగా చేయిస్తున్నారు మేడం” అన్నారు. వాళ్లను కూర్చోబెట్టి పిల్లవాడి చేత నల్లా లెక్క చెప్పించాను. తండ్రి మధ్యలో ఆపి “గంటకు వంద కాదురా” అని తనే దిద్దబోయాడు. పిల్లవాడు “అదే నాన్నా, నేను చెప్తున్నది ఆ తప్పు సంగతే, విను” అన్నాడు.

అమ్మానాన్నలు చేయగల సాయం ఒకటే ఉంది. పని వాళ్ల చేతుల్లోంచి లాక్కోకుండా ఉండడం. వంకరగా వస్తే వంకరగానే రానివ్వడం. వంటింట్లో కొలత గిన్నె వాడితే ఒక గుప్పెడు బియ్యం చేతికివ్వడం, అంతే.

హెచ్ఎం గారు పిల్లల వినతిపత్రం చదివి ప్లంబర్ని పిలిపించారు. వాషర్ అరిగిపోయిందట, పది రూపాయల వాషర్ వేసి పోయాడు. నల్లా ఆగిపోయింది. రెండు రోజులు పిల్లలు భోజనం తర్వాత దాని ముందు నిలబడి చూసేవారు, కొంచెం దిగాలుగా కూడా ఉన్నట్టనిపించింది, కొలవడానికి ఏమీ మిగల్లేదు. సోమవారం పొద్దున ప్రార్థన అవగానే పాలమ్మే ఆవిడ కొడుకు నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఇంటి దగ్గర కారే నల్లా కొలిచాడట. “పదమూడు నిమిషాలు పట్టింది టీచర్” అని ఒక్క క్షణం ఆగి, నేను ఏమైనా అనేలోపే, “కానీ మా గ్లాసు పెద్దది” అన్నాడు.